గీత ఒకరిది, సిరా ఒకరిది
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఈ పూట నన్ను మాట్లాడమన్నప్పుడు కరువు భత్యం గురించో, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించో అనుకున్నాను. వాటి గురించి జీ.ఓ. నంబర్లతో సహా చెప్పగలవాళ్ళు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. "అవి వద్దండీ, మనవలు కూడా కూర్చుని వినేది ఏదైనా చెప్పండి" అన్నారాయన. సరేనన్నాను. తీరా విషయం చెప్పాక ఫోనులో కాసేపు మాట వినబడలేదు. అమెరికా బొమ్మల కథల పుస్తకాల్లో పెన్సిలు గీతల మీద సిరా దిద్దేవాళ్ళ గురించి మాట్లాడతానన్నాను. "1982లో నకారా కేసు తీర్పు వచ్చిన రోజండీ ఇది. ఈ రోజున బొమ్మల పుస్తకాలా?" అన్నారు. అవునండీ, బొమ్మల పుస్తకాలే. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. ఇరవై నిమిషాలు ఇచ్చారు. గడియారం నా ఎదురుగానే ఉంది.

నా సంగతి చాలామందికి తెలుసు. 1973లో ఒక ఇంజనీరింగు సర్కిల్ ఆఫీసులో టైపిస్టుగా చేరాను. 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయాను. మధ్యలో పదిహేనేళ్ళకు పైగా నా పని ఫెయిర్ కాపీలు కొట్టడం. డ్రాఫ్టు రాసేది ఒకరు, దిద్దేది ఒకరు, సంతకం పెట్టేది ఇంకొకరు. ఉత్తరం అడుగున ఎడమ పక్క మూలగా చిన్న అక్షరాల్లో నా పొడి అక్షరాలు ఉండేవి. ఎవరి కంటా పడేవి కావు, తప్పు దొర్లితే తప్ప.

మా సెక్షను పక్కనే డ్రాయింగ్ బ్రాంచి. డ్రాఫ్ట్స్‌మన్ పెన్సిలుతో ప్లాను గీసేవారు. దాని మీద ట్రేసింగ్ క్లాత్ పరిచి, పిన్నులు గుచ్చి, రూలింగ్ పెన్నులో ఇండియన్ ఇంకు చుక్కలు చుక్కలుగా పోసుకుని గీతలు దించేవాడు ట్రేసరు. ట్రేసరు అన్నది మన దగ్గర పోస్టు పేరు, స్కేలు ఉన్న ఉద్యోగం. అమెరికాలో అదే మాట తిట్టు. ఈ సంగతి నాకు 2018లో తెలిసింది.

ఆ ఏడాది వేసవిలో నేనూ మా ఇంటావిడా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అబ్బాయి దగ్గర అయిదు నెలలున్నాం. మనవడికి అప్పుడు పదమూడేళ్ళు. వాడు స్కూలుకు సెలవులు, నేను జన్మానికి సెలవులు. ఇద్దరం కలిసి లైబ్రరీకి వెళ్ళేవాళ్ళం. వాడు అట్టలు గట్టిగా ఉన్న లావుపాటి బొమ్మల పుస్తకాలు మోసుకొచ్చేవాడు. 1960లలో వచ్చిన 'ఫెంటాస్టిక్ ఫోర్' అనే పత్రికను తిరిగి అచ్చువేసిన సంపుటం ఒకటి నాకు చూపించాడు. మొదటి పేజీలో పేర్లు ఉన్నాయి. కథ స్టాన్ లీ, బొమ్మలు జాక్ కర్బీ, సిరా జో సినాట్. అక్షరాలు రాసినవారికి వేరే పేరు.

"బొమ్మకు ఇద్దరెందుకురా?" అన్నాను.

"కర్బీ బొమ్మ గీస్తాడు తాతయ్యా. ఇంకర్ దాని మీద ట్రేస్ చేస్తాడు. అంతే."

ఆ 'అంతే' దగ్గర నాకు చురుక్కుమంది. "టైపు కొట్టడమేగా, అంతేగా" అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. 1997లో వచ్చిన 'ఛేజింగ్ ఏమీ' అనే సినిమాలో ఒక ఇంకర్‌ను ఎవరో పట్టుకుని నువ్వు ట్రేసరువేగా అని ఏడిపిస్తే అతను మీద పడి కొట్టబోతాడట. ఆ సంగతి మా అబ్బాయి నవ్వుతూ చెప్పాడు. నాకు మాత్రం ఆ ఇంకర్ మీద జాలి వేసింది. మర్నాటి నుంచి లైబ్రరీలో నేను వెతికేది వేరే పుస్తకాలు. ఈ పని ఎలా జరుగుతుందో, ఎవరు చేశారో చెప్పేవి.

ముందు పని సంగతి. చందమామలో కథ పక్కన బొమ్మ ఉండేది. వీళ్ళ పుస్తకంలో పేజీ అంతా గళ్ళు, గడికో బొమ్మ, మాటలు బుడగల్లో. కథంతా బొమ్మల్లోనే నడవాలి. ఆ రోజుల్లో నెలకో సంచిక, సంచికకు ఇరవై పేజీలకు అటూ ఇటూగా బొమ్మలు. బాపుగారు బొమ్మ వేస్తే మొదటి గీత నుంచి చివరి చుక్క దాకా ఆయన చేతిదే. అలా చేసేవాళ్ళు అక్కడా ఉన్నారు. కానీ నెలనెలా గడువుకు అందించాలంటే ఒక్క చెయ్యి చాలదు. అందుకని మన ఆఫీసులో ఫైలు నడిచినట్టే బల్ల నుంచి బల్లకు నడిపారు. రచయిత, పెన్సిలు గీసేవాడు, బుడగల్లో అక్షరాలు రాసేవాడు, సిరా దిద్దేవాడు, రంగులు చెప్పేవాడు, అందరి మీదా ఎడిటరు.

అసలు సిరా ఎందుకు? పెన్సిలు గీత బూడిద రంగు. ఆనాటి అచ్చుకు బూడిద రంగంటే ఏమిటో తెలియదు. పేజీని పెద్ద కెమెరాతో ఫోటో తీసి, ఆ నెగెటివు నుంచి ప్లేటు చేసేవారు. ఆ ఫిలిముకు ఉన్నది నలుపు, లేనిది తెలుపు, మధ్యలో మరొకటి లేదు. పెన్సిలుతోనే పంపితే సగం గీతలు పడవు, పడినవి బొంత కుట్లలా తెగిపోతాయి. మా డ్రాయింగ్ బ్రాంచిలోనూ ఇదే సంగతి. చిక్కటి ఇండియన్ ఇంకు ఉంటేనే అమ్మోనియా ప్రింటులో గీత నిలబడేది. పెన్సిలుతో వదిలేస్తే వెలుతురు గీతలోంచి కూడా దూరిపోయేది. న్యూజెర్సీలో పుస్తకం చదువుతుంటే ఆ అమ్మోనియా వాసన నిజంగా ముక్కుకు తగిలింది నాకు.

ఇంకో తమాషా. ఆ ఫిలిముకు లేత నీలం రంగు కనబడదు. అందుకని ముందు ఆనవాలు గీతలు లేత నీలం పెన్సిలుతో వేసుకుంటే తుడవనక్కర్లేదు, కెమెరాయే వాటిని వదిలేస్తుంది.

పేజీని అచ్చు సైజులో వేయరు. పెద్దగా వేసి కుదిస్తారు. 1960ల మధ్య దాకా బొమ్మ కొలత 12.5 అంగుళాల వెడల్పు, 18.5 అంగుళాల పొడవు. 1967 ప్రాంతంలో 10 అంగుళాలకు 15 అంగుళాలయింది. కుదించేటప్పుడు సన్నగీతలు మాయమవుతాయి, దగ్గర దగ్గరగా ఉన్నవి కలిసి మరకవుతాయి. అచ్చువేసేది చవక న్యూస్‌ప్రింటు మీద. అది సిరా పీల్చి కొంచెం చెదరగొడుతుంది కూడా. ఇవన్నీ ముందే మనసులో పెట్టుకుని కుంచె ఎంత వత్తాలో, ఎక్కడ తేల్చాలో నిర్ణయించుకోవాలి.

ఇప్పుడు ట్రేసింగ్ దగ్గరకు వద్దాం. పెన్సిలుతో గడ్డం గీసినవాడు ఒక్క గీత గీయడు. మూడు నాలుగు గీతలు వెతుక్కుంటూ వెళతాడు. అందులో గడ్డం ఏది? ఇంకర్ తేల్చాలి. నల్లగా నింపవలసిన చోట పెన్సిలు మనిషి చిన్న ఇంటూ గుర్తు పెట్టి వదిలేస్తాడు. ఆ నలుపు అంచు ఎక్కడ ఆగాలి? ఇంకర్ తేల్చాలి. దగ్గరున్న మనిషికి లావు గీత, దూరాన ఉన్న మేడకు సన్నగీత, నీడ పక్క లావు, వెలుతురు పక్క సన్నం. పెన్సిలులో అన్నీ ఒకే మందంగా ఉండవచ్చు. ఉక్కు మెరుపుకు ఒక రకం గీత, తడిసిన గుడ్డకు ఒక రకం, ఆడవాళ్ళ జుట్టుకు ఒక రకం. నలుపు నుంచి తెలుపుకు మెల్లగా దిగాలంటే బూడిద రంగు లేదు కనుక, మొదట లావుగా ఉండి చివర వెంట్రుకలా సన్నబడే గీతలు పక్కపక్కన పేర్చాలి. ఈకలాగా ఉంటాయవి. నిబ్బుతో కొందరు, కుంచెతో కొందరు. మంచి కుంచె నీళ్ళలో ముంచి తీస్తే సూదిమొనలా నిలబడాలట. చెయ్యి ఆగితే గీతలో ముడి పడుతుంది. ఊపిరి బిగబట్టి ఒక్క ఊపులో లాగాలి.

దీన్ని ట్రేసింగ్ అంటే, త్యాగరాజ కృతి పాడినవారిని కాపీ కొట్టారన్నట్టు ఉంటుంది. నేను సంగీతం తెలిసినవాణ్ణి కాను, ఇది మా ఇంటావిడ పోలిక.

ఒకే మనిషి పెన్సిలు ఇద్దరి చేతుల్లో ఎలా మారుతుందో చూడాలంటే జాక్ కర్బీ దగ్గరకే వెళ్ళాలి. 1917లో పుట్టి 1994లో పోయారు. రోజుకు మూడు నాలుగు పేజీలు పెన్సిలుతో గీసిపారేసే మనిషి. సిరా దిద్దే ఓపిక ఆయనకు లేదు, ఆ టైములో ఇంకో పేజీ గీసేవారు. కనుక ఆయన బొమ్మ అని పాఠకులు చూసినదానిలో చాలా భాగం ఎవరో ఒకరి సిరాయే.

అందులో జో సినాట్ ఒకరు. 1926లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేశారు. న్యూయార్కు నగరానికి దూరంగా సాగర్టీస్ అనే చిన్న ఊళ్ళో ఇంట్లో కూర్చుని పని చేసుకునేవారు. స్టాన్ లీ ఫోను చేసేవారు, పేజీలు పోస్టులో వచ్చేవి, సిరా పూసుకుని పోస్టులోనే తిరిగి వెళ్ళేవి. సినాట్, కర్బీ ఒక బల్ల దగ్గర కూర్చుని పని చేసింది లేదు. నేను టైపు చేసిన డ్రాఫ్టుల్లో సగం జిల్లా ఆఫీసుల నుంచి వచ్చినవే. రాసినవారి ముఖం ఎరగను, చేతిరాత మాత్రం చీకట్లో కూడా గుర్తుపట్టేవాణ్ణి.

సినాట్ 1962లో 'ఫెంటాస్టిక్ ఫోర్' అయిదో సంచికకు సిరా దిద్దారు. 1965లో 44వ సంచిక నుంచి అది ఆయన సొంత పనిలా అయిపోయింది. కర్బీ బొమ్మల్లో యంత్రాలు ఎక్కువ. గొట్టాలు, మీటలు, మెరిసే ఇనుము. సినాట్ చేతిలో అవి కడిగి తుడిచిపెట్టిన స్టీలు గిన్నెల్లా వచ్చేవి. 1970లో కర్బీ ఆ కంపెనీ వదిలి వెళ్ళిపోయారు. ఆ తర్వాత పెన్సిలు పట్టినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మారారు. సినాట్ మాత్రం మధ్యలో కొన్ని సంచికలు తప్ప 1981 దాకా అక్కడే ఉన్నారు. పత్రిక ముఖం మారకుండా నిలబెట్టింది ఆయన గీతే. ఆఫీసర్లు బదిలీ అయినా ఆఫీసు నడిచేది హెడ్‌క్లర్కు వల్ల అంటాం చూడండి, అలా. ఆ తర్వాత స్పైడర్‌మాన్ ఆదివారం బొమ్మలకు సిరా దిద్దుతూ 2019లో విరమించారు. అప్పటికి వయసు 92. ఇక్కడ అరవై రెండు చాలదు, ఇంకా పెంచాలనేవాళ్ళు ఉన్నారు కదా, వారి దృష్టికి తెస్తున్నాను! 2020లో కన్నుమూశారు. మేము ఎడిసన్‌లో ఉన్న వేసవిలో ఆయన కారులో రెండున్నర గంటల దూరంలోనే ఉన్నారు. నాకప్పుడు ఆ సంగతి తెలియదు. తెలిస్తే వెళ్ళి ఉండేవాణ్ణా? ఏమో. వెళ్ళి ఏం మాట్లాడతాను, నాకూ మీకూ కార్బన్ మరకల వేళ్ళే కదా అనా?

ఇంకా చాలామంది ఉన్నారు. కర్ట్ స్వాన్ పెన్సిలుకు మర్ఫీ ఆండర్సన్ సిరా ఎంత బాగా కుదిరిందంటే, 1970ల మొదట్లో వాళ్ళ సూపర్‌మాన్‌ను ఇద్దరి పేర్లూ కలిపి 'స్వాండర్సన్' అనేవారట. టెర్రీ ఆస్టిన్ అని ఒకాయన, జాన్ బర్న్ గీసిన 'ఎక్స్‌మెన్'కు 1977 నుంచి 1981 దాకా సిరా దిద్దారు. సూదితో గీసినట్టుంటుంది. గుంపులో ఎక్కడో ఒక మూల సంబంధం లేని కార్టూను బొమ్మను దాచిపెట్టడం ఆయనకో సరదా. 'డేర్‌డెవిల్' పత్రికలో ఫ్రాంక్ మిల్లర్ చివరికొచ్చేసరికి గళ్ళలో ముతకగా అమరిక మాత్రం వేసి ఇస్తే, మిగతా బొమ్మంతా క్లౌస్ జాన్సన్ పూర్తిచేశారు. మన గుమాస్తాలకు 'తగు విధముగా రాయుడు' అని మార్జిన్లో ఒక ముక్క రాసి ఫైలు విసిరేసేవారే, అలాంటి పని. అయితే ఇక్కడ జాన్సన్ పేరు అచ్చయింది.

పేరు అచ్చవడం గురించి ఒక మాట. 1950ల దాకా ఇంకర్ల పేర్లు పుస్తకంలో ఉండడం అరుదు. స్టాన్ లీ తన పత్రికల్లో 1960లలో ప్రతి కథకూ మొదటి పేజీలోనే అందరి పేర్లూ వేయడం అలవాటు చేశారు. నన్నడిగితే ఆయన చేసిన మంచిపనుల్లో అదొకటి. మా ఆఫీసులో ఒక చీఫ్ ఇంజనీరుగారు రిటైరవుతూ చేసిన ప్రసంగంలో ప్రాజెక్టు రిపోర్టు టైపు చేసినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పారు. పేర్లు చెప్పలేదు. అయినా మేము ముగ్గురం ఆ రోజు ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకున్నాం.

ఇప్పుడు విన్స్ కొలెటా సంగతి. ఈ ఉపన్యాసం ఒప్పుకున్నది నిజానికి ఈయన కోసమే.

కొలెటా 1960లలో కర్బీ గీసిన 'థోర్' కథలకు ఏళ్ళ తరబడి సిరా దిద్దారు. అంతకుముందు ప్రేమకథల పత్రికలకు పనిచేసిన చెయ్యి. సన్నటి, నూలుపోగుల్లాంటి నిబ్బు గీతలు. దేవతల కథకు పాతకాలపు చెక్కడం బొమ్మల అందం వచ్చిందని మెచ్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ గడువు దగ్గరపడితే కర్బీ గీసిన వాటిలో కొన్నిటిని రబ్బరుతో చెరిపేసేవారు. వెనక వరసలో నిలబడిన మనుషులు, మేడల కిటికీలు, వివరాలు. లేకపోతే మొత్తం మనిషిని నల్లటి నీడగా నింపేసేవారు. పెన్సిలు పేజీ ఒకవైపు, అచ్చయిన పేజీ ఒకవైపు వేసిన పుస్తకాలు ఉన్నాయి. చూస్తే కనబడుతుంది, పెన్సిల్లో ఉన్న మనిషి సిరాలో లేడు. ఆ పేజీ కొనుక్కుని చదివిన పిల్లవాడికి ఆ మనిషి ఉండేవాడని తెలిసే దారే లేదు.

దీని మీద కర్బీ అభిమానులు కొలెటాను ఇప్పటికీ తిడతారు. 1991లోనే పోయారాయన. రెండో పక్క కూడా చెప్పాలి. పేజీకి ఇంతని డబ్బు, అదీ పెన్సిలు మనిషి కంటే తక్కువ. ఎవరో ఆలస్యం చేసిన సంచిక గురువారం చేతికొచ్చి సోమవారం ప్రెస్సుకు వెళ్ళాలంటే ఎడిటర్లు ఫోను చేసేది ఆయనకే. ఆయన కాదనేవారు కాదు. ఆలస్యం చేసినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. గడువు కాపాడినవాడి రబ్బరు మాత్రం గుర్తుంటుంది.

1970లో కర్బీ వేరే కంపెనీకి వెళ్ళినప్పుడు అక్కడా మొదట కొలెటాయే సిరా దిద్దారు. 1971లో మైక్ రాయర్ అనే కుర్రాడికి ఆ పని మారింది. రాయర్ ఉన్నది ఉన్నట్టు దించేవాడు. ఒకసారి ఒక స్త్రీ పాత్ర ముఖం కొంచెం అందంగా ఉంటే బాగుంటుందని దిద్దాడు. కర్బీ తన పెన్సిలు ముఖాన్ని తెచ్చి అక్కడ అతికించి, ఏమైనా చెయ్యి, ముఖాలు మాత్రం మార్చకు అన్నారట.

లైబ్రరీలో ఆ రెండు పేజీలూ పక్కపక్కన చూస్తూ నేను చాలాసేపు కూర్చున్నాను. మనవడు వచ్చి భుజం తట్టేదాకా లేవలేదు. కారణం ఇప్పుడు చెబుతాను. ఇది ఇంతవరకూ మా ఇంటావిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1981. మా ఆఫీసు పరిధిలో ఒక లస్కరు రిటైరయ్యాడు. కాలవ గట్టు మీద బతుకంతా గడిపినవాడు. అతని సర్వీసు వివరాల స్టేట్‌మెంటు పెన్షన్ కోసం ఆడిట్‌కు వెళ్ళాలి. సంబంధిత గుమాస్తా డ్రాఫ్టు రాసి నాకు ఇచ్చాడు. మధ్యలో కొంతకాలం అతని సర్వీసు తెగిపోయింది. దాన్ని మన్నిస్తూ ఇచ్చిన ఆర్డరు సంగతి విడిగా ఒక చీటీ మీద రాసి, ఎక్కడ చేర్చాలో గుర్తుపెట్టి, డ్రాఫ్టుకు గుండుసూదితో గుచ్చాడు. ఆ సాయంత్రం డిస్పాచ్ మూసేలోగా పదకొండు ఉత్తరాలు వెళ్ళాలి. సూది ఎప్పుడు ఊడిందో, చీటీ ఎప్పుడు కింద పడిందో తెలియదు. డ్రాఫ్టులో గుర్తు కనబడింది. ఇదేదో కొట్టివేత గుర్తనుకున్నాను. లేచి వెళ్ళి అడిగితే అయిపోయేది, ఇరవై అడుగుల దూరం. అడగలేదు. కంపేర్ చేయవలసినవాళ్ళు ఆ రోజు సెలవు. నేనే చూసుకున్నానని పొడి సంతకం పెట్టాను. మర్నాడు బల్ల కింద చీటీ దొరికింది. ఏ కేసుదో చూడకుండా సొరుగులో పడేశాను.

నాలుగు నెలల తర్వాత ఆడిట్ వాళ్ళు కేసు తిప్పి పంపారు. సర్వీసు చాలదని. పై అధికారి ఆ గుమాస్తాను పిలిచి నిలబెట్టి అడిగారు. "చీటీ గుచ్చానండీ" అన్నాడతను. చీటీ ఏదీ? లేదు. అతనికి మెమో ఇచ్చారు. అప్పుడు నాకు సొరుగు గుర్తొచ్చింది. మధ్యాహ్నం భోజనాలవేళ తీసి చూశాను. అదే చీటీ.

చూపించలేదండీ. అప్పటికి నా ఇంక్రిమెంటు ఒకటి పెండింగులో ఉంది, ఇంట్లో చెల్లెలి పెళ్ళి. ఇవి కారణాలని చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను. సవరించిన స్టేట్‌మెంటు మళ్ళీ నేనే టైపు చేశాను, చాలా జాగ్రత్తగా. మొత్తం పద్నాలుగు నెలలు ఆ లస్కరు ప్రతి నెలా మొదటి వారంలో వచ్చి వరండాలో స్తంభం పక్కన నిలబడేవాడు. నన్ను చూసి దణ్ణం పెట్టేవాడు. ఆఖరికి పెన్షన్ వచ్చింది. ఆ నెల అరటిపళ్ళు తెచ్చి సెక్షనంతా పంచాడు. నేనూ తిన్నాను. మెమో తిన్న గుమాస్తా నాతో పదేళ్ళు పనిచేశాడు. ఇప్పుడు లేడు.

కొలెటా చెరిపిన మనుషులు కాగితం మీది మనుషులు. అందుకని ఆయన మీద రాయి వేయడానికి నాకు చెయ్యి లేవలేదు.

ఈ కాలం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కంప్యూటర్లు వచ్చాక పెన్సిలు గీతను స్కాన్ చేసి నల్లబరిచి, దాని మీదే రంగులు వేయడం సాధ్యమైంది. 2001లో 'ఒరిజిన్' అనే ప్రసిద్ధమైన కథ అలాగే వచ్చింది. ఆండీ క్యూబర్ట్ పెన్సిలు మీద నేరుగా కంప్యూటర్ రంగులే, ఇంకర్ లేడు. ఇప్పుడు చాలామంది గాజుపలక మీద తామే మొదలుపెట్టి తామే ముగిస్తున్నారు. ఇంకర్లు పూర్తిగా పోలేదు. వాళ్ళ కోసం 2008లో 'ఇంక్‌వెల్ అవార్డులు' అని పెట్టారు, అందులో పెద్ద గౌరవానికి జో సినాట్ పేరే పెట్టారు. మన టైపిస్టు పోస్టులకు ఏమైందో మీకు నేను చెప్పాలా?

ఇక ముగిస్తాను. గడియారం ఇరవై రెండు నిమిషాలంటోంది.

తిరుగు ప్రయాణానికి వారం ముందు మనవడితో ఒక పందెం వేశాను. వాడు వాళ్ళ నానమ్మ కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్న బొమ్మ పెన్సిలుతో గీశాడు. బాగానే గీస్తాడు. దాన్ని లేత నీలం రంగులో రెండు ప్రతులు ప్రింటు తీశాడు. నిబ్బులు, నల్లసిరా కొనుక్కొచ్చాం. ఒక ప్రతి నాకు, ఒకటి వాడికి. భోజనాల బల్ల మీద ఎదురెదురుగా కూర్చుని రెండు గంటలు దిద్దాం. నా చెయ్యి వణికింది. కుర్చీ కోళ్ళు వంకర పోయాయి. చీర అంచు దగ్గర సిరా చుక్క పడింది. కానీ వాడు గీసిన గీత ఒక్కటీ వదలలేదు. కళ్ళ కింద వాడు రెండేసి గీతలు గీశాడు. దించాను. నుదుటి మీద మూడు. దించాను.

వాడి ప్రతి నున్నగా, అందంగా ఉంది. కళ్ళ కింద గీతలు లేవు.

"ఇవి నువ్వు గీసినవేగా, ఏవిరా?" అన్నాను.

"తీసేశాను తాతయ్యా. నానమ్మ బాగా కనిపిస్తుందని."

ట్రేసింగ్ అన్న మాట ఆ తర్వాత వాడి నోట వినలేదు. చీటీ సంగతి ఆ రోజు వాడికి చెబుదామనుకుని చెప్పలేకపోయాను. ఈ ప్రసంగం మన ప్రత్యేక సంచికలో వేస్తామన్నారు. ఒక ప్రతి ఎడిసన్‌కు పంపిస్తాను. వాడికి తెలుగు చదవడం రాదు. మా అబ్బాయే చదివి వినిపించాలి.

రెండు బొమ్మలూ తెచ్చాను, అదిగో, రిజిస్టరు పక్కన పెట్టాను. బొమ్మలో మనిషి మూడో వరసలో కూర్చుని ఉంది. చూసి, ఏది ఆవిడలా ఉందో ఆవిడకే చెప్పండి, నాకు వద్దు. కాగితాలు మాత్రం మడత పెట్టకుండా తిరిగి ఇవ్వండి.